నొప్పి మాత్రల వ్యసనము – దాని వైద్య చికిత్స

నొప్పి శరీరమునకు కాపలావాని వంటిది. కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నదని, పంటిలో చీము పట్టినదని, ఎముక విరిగినదని మనకు మొదట తెలుపునది నొప్పియే. అయినను కాపలావాడు రేయింబవళ్లు అరచుచున్నచో ఇంటిలోనివారికి నిద్ర ఉండదు. అందుచేతనే నొప్పిని శమింపజేయు మందుల కొరకు మానవుడు పూర్వకాలము నుండి వెదకుచునే యున్నాడు. అట్లు లభించిన మందులలో మిక్కిలి శక్తివంతమైనవి నల్లమందు జాతికి చెందినవి. తగిన రోగికి, తగిన మోతాదులో, తగినంత కాలము ఇచ్చినప్పుడు వీటివలన కలుగు మేలు అపారము. హద్దు మీరినప్పుడు ఇవియే మనిషిని తమకు బానిసగా చేసికొనును.

ఈ బానిసత్వము కల్లుపాక యందో, జూదశాల యందో ఆరంభము కానక్కరలేదు. అనేకుల విషయములో అది ఒక మందుల చీటీతో ఆరంభమగుచున్నది. కనుకనే రోగి గాని, అతని ఇంటివారు గాని చాలకాలము వరకు దీనిని వ్యసనముగా గుర్తింపరు. గుర్తించిన తరువాత కూడ సిగ్గుచేత దాచుదురు. వ్యాధి ఎట్లు కలుగునో, దానికి వైద్యము ఏమో, ఆ వైద్యమునకు తరువాత ఏ జాగ్రత్త అవసరమో సామాన్య ప్రజలకు తెలియజేయుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. నొప్పి మందులలో రెండు తెగలు

మందుల దుకాణములో దొరకు నొప్పి మాత్రలన్నియు ఒకటి కావు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి ఒక తెగ. వీటిని అధికముగా వాడినచో కాలేయమునకో, కడుపునకో, మూత్రపిండములకో హాని కలుగవచ్చును గాని, ఇవి మనస్సును లోబరచుకొనవు.

రెండవ తెగ నల్లమందు జాతి. గసగసాల మొక్క కాయను గాటు పెట్టినప్పుడు కారు పాలు ఎండి నల్లమందు అగును. సుమారు 1805వ సంవత్సర ప్రాంతమున సెర్టూర్నర్ అను జర్మను ఔషధ శాస్త్రజ్ఞుడు దానినుండి మార్ఫీనును వేరుచేసెను. దగ్గు మందులలో వాడు కోడీను కూడ నల్లమందులోనిదే. మార్ఫీను నుండి తయారైన హెరాయిన్‌ను 1898లో బేయర్ అను జర్మను సంస్థ దగ్గు మందుగా విక్రయించెను. అది అపాయము లేని మందు అని నాడు నమ్మిరి. ఆ నమ్మకము ఎంత తప్పో లోకమునకు త్వరలోనే తెలిసివచ్చినది.

ప్రయోగశాలలలో తయారగు ట్రమడాల్, టాపెంటడాల్, పెంటాజొసిన్, ఫెంటనిల్, ఆక్సీకోడోన్ మొదలైనవి కూడ ఈ జాతిలోనివే. వీటిలో ట్రమడాల్ 1977లో జర్మనీ దేశమున అమ్మకమునకు వచ్చినది. దానివలన వ్యసనము కలుగుట అరుదని చాలకాలము భావించిరి. 1996లో అమెరికాలో ఆక్సీకోడోన్‌తో చేసిన దీర్ఘకాలము పనిచేయు మాత్ర విపణిలోనికి వచ్చినప్పుడును ఇట్టి మాటయే చెప్పబడినది. ఆ మాటను నమ్మి విచ్చలవిడిగా వ్రాసిన చీటీల ఫలితముగా ఆ దేశము లక్షలాది ప్రాణములను కోల్పోయిన మహా విపత్తులో చిక్కుకొనెను. క్రొత్త మందు పాతదానికంటె నిరపాయమైనదను మాటను పరీక్షింపక నమ్మరాదని ఈ చరిత్ర మనకు బోధించుచున్నది.

2. శరీరములో జరుగునది ఏమి?

మెదడులోను, వెన్నుపాములోను, ప్రేగులలోను ఈ మందులు అంటుకొను ప్రత్యేక స్థానములు కలవు. వీటిని గ్రాహకములందురు. 1973లో శాస్త్రజ్ఞులు వీటి ఉనికిని నిరూపించిరి. 1975లో స్కాట్లండు దేశపు ఆబర్డీన్ నగరమున హ్యూస్, కోస్టర్లిట్జ్ అను వారు మన మెదడే స్వయముగా ఇట్టి నొప్పిని తగ్గించు పదార్థములను తయారుచేసికొనునని కనుగొనిరి. అనగా ఆ గ్రాహకములు తాళముల వంటివి. శరీరము తన తాళపుచెవులను తానే చేసికొనుచున్నది. నల్లమందు జాతి మందులు బయటినుండి వచ్చిన మారు తాళపుచెవులు.

ఈ మందును ప్రతిదినము వాడుచున్నచో మూడు మార్పులు కలుగును.

మొదటిది అలవాటు పడుట. మొదట ఒక మాత్రతో తగ్గిన నొప్పి కొన్ని వారములకు రెండు మాత్రలతో గాని తగ్గదు.

రెండవది శరీరము ఆధారపడుట. మందు ఉన్న స్థితియే సహజ స్థితి అని శరీరము భావించును. మందు అందనప్పుడు ఎదురుతిరుగును. దినముల తరబడి ఈ మందు వాడిన ఎవరికైనను ఇది కలుగవచ్చును. ఇది ఒక్కటియే ఉన్నంతమాత్రమున ఆ మనిషి వ్యసనపరుడు కాడు.

మూడవది వ్యసనము. మందు కొరకు మనస్సు తహతహలాడును. కీడు జరుగుచున్నదని తెలిసియు మానలేకుండును. పని, ఇల్లు, ధనము, మాట అన్నియు మందు తరువాతనే. ఇది సంకల్ప బలము లేకపోవుటచేత కలిగిన దోషము కాదు. మెదడు పనిచేయు తీరులో కలిగిన మార్పు. మధుమేహమునకు, రక్తపు పోటునకు వలెనే దీనికిని దీర్ఘకాల వైద్యము అవసరమగును.

3. ఒక ఉదాహరణము

దేశములో ఏ పట్టణమునందైనను జరుగదగిన ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక లారీ డ్రైవరునకు నడుము నొప్పి పట్టినది. వైద్యుడు పది దినములకు 50 మిల్లీగ్రాముల ట్రమడాల్ గుళికలు, దినమునకు రెండు చొప్పున వ్రాసెను. నొప్పి తగ్గెను. దానితోపాటు అలసట కూడ తెలియకుండెను. రాత్రి ప్రయాణము సులువుగా తోచెను. పది దినములు గడచినను అతడు ఆ పాత చీటీనే చూపి మాత్రలు కొనుచుండెను. ఒక దుకాణదారుడు నిరాకరించినచో మరియొక దుకాణమునకు పోవుచుండెను. ఎనిమిది నెలలు గడచునప్పటికి దినమునకు పన్నెండు గుళికలు మ్రింగుచుండెను. నడుము నొప్పి ఎప్పుడో పోయినది. మాత్రలు మాత్రము పోలేదు. ఒకనాటి ఉదయము అతడు ఇంటి అరుగుమీదనే మూర్ఛ వచ్చి పడిపోయెను.

భార్య అతనిని ఆసుపత్రికి తీసికొనిపోయి వైద్యునితో ఇట్లు చెప్పుకొనెను:

“అయ్యా, మా ఆయన త్రాగడు. చుట్ట కూడ కాల్చడు. డాక్టరుగారు వ్రాసిన మాత్రలే గదా వేసికొన్నాడు! వ్యసనమని మీరంటే నలుగురిలో మా పరువేమి కావలె?”

వైద్యుడు ఇట్లు సమాధానమిచ్చెను:

“అమ్మా, డాక్టరు వ్రాసినది పది దినములకు. మిగిలిన ఏడున్నర నెలలు మాత్ర తనకు తానే చీటీ వ్రాసికొన్నది. మీ ఆయన చెడ్డవాడని నేననుట లేదు. ఆయనకు జబ్బు చేసినది. జబ్బుకు మందున్నది. అయితే ఒక్క మాట: ఇంటికి పోయి మాత్రలన్నియు ఒక్కసారిగా పారవేయకుడు.”

ఈ మాటలలో గ్రహింపదగిన విషయములు మూడు కలవు. ట్రమడాల్ దినమునకు 400 మిల్లీగ్రాములు మించరాదు. ఆ హద్దు దాటినచో మూర్ఛలు వచ్చు ప్రమాదము అధికము. ఈ డ్రైవరు 600 మిల్లీగ్రాములు వాడుచుండెను. రెండవది, ట్రమడాల్‌ను పారాసిటమాల్‌తో కలిపి చేసిన మాత్రలను ఇట్లు లెక్కకు మించి మ్రింగినచో కాలేయము కూడ చెడును. మూడవది, మందును హఠాత్తుగా మానుట చికిత్స కాదు.

4. గుర్తింపదగిన లక్షణములు

ఇంటిలో ఒకరు నొప్పి మందునకు లోబడుచున్నారని ఈ క్రింది గుర్తులచే తెలిసికొనవచ్చును:

– వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువ మాత్రలు, ఎక్కువ కాలము వాడుట;
– ఒకే నొప్పికి ఇద్దరు ముగ్గురు వైద్యుల వద్ద చీటీలు వ్రాయించుకొనుట, పాత చీటీలను మరల మరల చూపుట;
– మాత్రలు దాచుట, లెక్క అడిగినచో కోపపడుట;
– పగటివేళ మగత, కంటిపాపలు చిన్నవగుట, ఎడతెగని మలబద్ధకము;
– మాత్ర ఆలస్యమైనచో ఆవులింతలు, ముక్కు కారుట, చిరాకు; మాత్ర పడగానే అవి మాయమగుట;
– నొప్పి లేని దినమున కూడ మాత్ర వేసికొనుట.

వీటిలో రెండు మూడు కనబడినచో నిందింపక వైద్యుని సంప్రదింపవలెను.

5. మన దేశ పరిస్థితి

మత్తు పదార్థముల వాడుకను గూర్చి కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ పక్షమున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రము దేశవ్యాప్తముగా ఒక పరిశీలన జరిపెను. ఆ నివేదిక 2019లో వెలువడినది. 10 నుండి 75 సంవత్సరముల వయస్సు గలవారిలో నూటికి 2.06 మంది నల్లమందు జాతి పదార్థములను వాడుచున్నారని అందు తేలినది. హెరాయిన్ వాడువారు నూటికి 1.14, ఔషధ రూపములోని నల్లమందు జాతి పదార్థములను వాడువారు 0.96, నల్లమందును వాడువారు 0.52. కొందరు ఒకటికంటె ఎక్కువ పదార్థములను వాడుదురు గనుక ఈ అంకెల మొత్తము పై అంకెను మించును. వేయిమందిలో సుమారు పదిమంది మందుల దుకాణపు సరకును వాడుచుండుట చిన్న విషయము కాదు.

ఈ మందులను నియంత్రించుటకు చట్టములు కలవు. 1985లో మాదక ద్రవ్యముల చట్టము ఏర్పడినది. 2014 మార్చి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన హెచ్-1 పట్టికలో ట్రమడాల్, పెంటాజొసిన్, కోడీన్, బ్యుప్రెనార్ఫిన్ చేర్చబడినవి. ఈ పట్టికలోని మందులను అమ్మునప్పుడు దుకాణదారుడు వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణము ప్రత్యేక పుస్తకములో వ్రాసి మూడు సంవత్సరములు భద్రపరచవలెను. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదక ద్రవ్యముల చట్టము క్రిందికి కూడ తెచ్చిరి. కనుక చీటీ లేకుండ ఈ మాత్ర ఇమ్మని దుకాణదారుని ఒత్తిడి చేయుట తగదు. ఇచ్చువాడు మేలు చేయుచున్నాడని తలచుటయు తగదు.

6. హఠాత్తుగా మానినచో ఏమగును?

దినమునకు పలుమార్లు వాడు మందులను ఆపినప్పుడు చివరి మోతాదు తరువాత సుమారు 8 నుండి 24 గంటలలో బాధలు ఆరంభమగును. మొదట ఆవులింతలు, కంట నీరు, ముక్కు కారుట, చెమట, కుదురు లేకపోవుట. తరువాత ఒడలు గగుర్పొడుచుట, కంటిపాపలు పెద్దవగుట, ఎముకలలో పీకుడు, కడుపులో మెలిపెట్టుట, వాంతులు, విరేచనములు, నిద్ర లేమి. రెండవ మూడవ దినములలో ఈ బాధలు మిక్కిలి తీవ్రముగా ఉండును. పిమ్మట క్రమముగా తగ్గి ఐదు నుండి పది దినములలో చాలవరకు శాంతించును. మెథడోన్ వంటి దీర్ఘకాలము పనిచేయు మందుల విషయములో బాధలు ఆలస్యముగా ఆరంభమై రెండు వారములు, అంతకు మించియు సాగవచ్చును. ట్రమడాల్ మానినప్పుడు పై లక్షణములతోపాటు కొందరిలో తీవ్రమైన ఆందోళన, కలవరము, లేనిది ఉన్నట్లు తోచుట కూడ కలుగును.

ఈ బాధలు సాధారణముగా ప్రాణము తీయవు. అయినను వాంతులు, విరేచనములవలన శరీరములోని నీరు, లవణములు కోల్పోయి బలహీనులకు అపాయము కలుగవచ్చును. గర్భవతి హఠాత్తుగా మానినచో గర్భమునకు కీడు వాటిల్లవచ్చును.

ఇచ్చట మరియొక హెచ్చరిక అవసరము. కొందరు నొప్పి మాత్రలతోపాటు నిద్ర మాత్రలను కూడ వాడుచుందురు. తెలంగాణ ప్రాంతమున ఆల్ప్రజోలం, డయజిపామ్ కలిపిన కల్తీ కల్లునకు అలవాటు పడినవారును కలరు. అవి నల్లమందు జాతికి చెందినవి కావు. వాటిని హఠాత్తుగా ఆపినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కాబట్టి రోగి ఏమేమి వాడుచున్నాడో ఒక్కటియు దాచక వైద్యునికి చెప్పవలెను.

7. వైద్య పర్యవేక్షణలో మందు మాన్పించుట

శరీరమును మందునుండి క్షేమముగా విడిపించు ఈ మొదటి దశను డీటాక్సిఫికేషన్ అందురు. “విషమును కడిగివేయుట” అని దీనికి అర్థము చెప్పుదురు గాని, ఇచ్చట కడిగివేయబడునది ఏదియు లేదు. మందు శరీరమునుండి తనంతట తానే వెడలిపోవును. ఆ సమయమున కలుగు బాధను సహింపదగినంతకు తగ్గించి, రోగి మధ్యలో పారిపోకుండ కాపాడుటయే వైద్యుని పని.

మొదట పరీక్ష. ఏ మందు, ఎంత, ఎన్నాళ్ల నుండి, చివరిసారి ఎప్పుడు అని అడిగి తెలిసికొందురు. నాడి, రక్తపు పోటు చూతురు. రక్తము, మూత్రము పరీక్షింతురు. సూదిమందులు వాడినవారికి కామెర్ల వ్యాధులకు, హెచ్.ఐ.వి.కి పరీక్షలు చేయుదురు.

తరువాత బాధను కొలుచుట. నాడి వేగము, చెమట, కంటిపాప పరిమాణము, ఆవులింతలు, వణకు మొదలైన పదునొకండు గుర్తులకు అంకెలు వేసి కూడుదురు. మొత్తము 5 నుండి 12 వరకు ఉన్నచో స్వల్పము. 13 నుండి 24 వరకు మధ్యమము. 25 మొదలు తీవ్రము. ఈ అంకెను బట్టి మందు నిర్ణయింతురు.

తరువాత మందు. ప్రధానమైనది బ్యుప్రెనార్ఫిన్. ఇది నాలుక క్రింద ఉంచుకొని కరిగించుకొను మాత్ర. ఇదియు ఆ తాళములనే అంటుకొనును గాని తలుపును సగమే తెరచును. కనుక బాధ తీరును. మత్తు అంతగా కలుగదు. మోతాదు పెంచినను ఊపిరిని అణచు గుణము ఒక హద్దు వద్ద నిలిచిపోవును. దీనిని రోగికి విరమణ బాధలు స్పష్టముగా ఆరంభమైన తరువాతనే ఇవ్వవలెను. పాత మందు ఇంకను పనిచేయుచుండగా ఇచ్చినచో అది పాతదానిని నెట్టివేసి, గంటలలో రాదగిన బాధను నిమిషములలో తెచ్చిపెట్టును. అందుచేతనే సామాన్యముగా చివరి మాత్ర తరువాత 12 నుండి 24 గంటలు వేచియుండుమని వైద్యులు చెప్పుదురు. పిమ్మట తగిన మోతాదు కుదిర్చి, క్రమముగా తగ్గించుట గాని, చాలకాలము కొనసాగించుట గాని చేయుదురు.

బ్యుప్రెనార్ఫిన్ దొరకనిచోట, తగనిచోట క్లోనిడిన్ ఇత్తురు. ఇది చెమట, గుండెదడ, గగుర్పాటు తగ్గించును. కాని రక్తపు పోటును కూడ తగ్గించును గనుక ప్రతి మోతాదునకు ముందు పోటు కొలువవలెను. వాంతులకు, విరేచనములకు, ఒళ్లు నొప్పులకు వేరు వేరు మందులు కలవు. ఉప్పు, చక్కెర కలిపిన ద్రవము, గంజి, మజ్జిగ, పలుచని జావ తరచుగా ఇవ్వవలెను.

మొదట ఏ నొప్పి కొరకు మాత్ర ఆరంభమైనదో ఆ నొప్పికి కూడ వైద్యము చేయవలెను. వ్యాయామము, కాపడము, ఇతర తెగ మందులు ఇందుకు ఉపకరించును. ఈ పని విడిచినచో రోగి మరల పాత మాత్రవైపే చూచును.

8. అసలు ప్రమాదము ఆ తరువాతనే

పది పండ్రెండు దినములలో రోగి తేరుకొనును. ఆకలి పుట్టును, నిద్ర కొంత పట్టును. ఇంటివారు జబ్బు నయమైనదని దేవునికి మ్రొక్కు చెల్లించి ఊరు చేరుదురు. ఇచ్చటనే మిక్కిలి జాగ్రత్త అవసరము.

శరీరము బాధనుండి బయటపడినను మెదడులోని తహతహ అంత త్వరగా పోదు. కొన్ని నెలలపాటు నిద్ర కలతగా ఉండును; మనస్సు దిగులుగా ఉండును. ఏ జగడమో, ఏ నొప్పియో, ఏ పాత స్నేహితుడో ఎదురైనప్పుడు చేయి పాత మాత్రవైపు పోవును. ఆనాడు అతడు వెనుకటివలెనే పన్నెండు గుళికలు మ్రింగినచో, అలవాటు తప్పిన శరీరము దానికి తట్టుకొనలేదు. ఊపిరి ఆగిపోవును. మాని వచ్చిన తొలి వారములలోనే ఇట్టి మరణములు ఎక్కువ. మందు మానినవాడు మానని నాటికంటె బలహీనుడై యుండుట ఈ వ్యాధి యొక్క క్రూరమైన స్వభావము.

కావున మాన్పించుట చికిత్సకు గడప మాత్రమే, ఇల్లు కాదు. గడప దాటిన తరువాత రెండు మార్గములు కలవు.

మొదటిది, బ్యుప్రెనార్ఫిన్‌ను గాని మెథడోన్‌ను గాని వైద్యుని ఎదుట దినదినము, నెలలు సంవత్సరములు వాడుట. “ఒక మత్తు పోయి ఇంకొక మత్తు వచ్చెను గదా” అని కొందరు ఆక్షేపింతురు. ఇది సరికాదు. ఈ మందు వాడువాడు తెలివితో పని చేసికొనును, సంసారము చూచుకొనును, మాత్రల కొరకు అప్పులు చేయడు. ఈ చికిత్సలో ఉన్నంతకాలము మరణ ప్రమాదము సుమారు సగమునకు తగ్గునని పలు దేశముల అనుభవము తెలుపుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండు మందులను అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. గర్భవతులకు కూడ ఈ మార్గమే క్షేమకరము.

రెండవది నాల్ట్రెక్సోన్. ఇది తాళములో దూరి, తలుపు తెరువక, మరియొక తాళపుచెవికి చోటు లేకుండ చేయును. చివరి మాత్ర తరువాత 7 నుండి 10 దినములు పూర్తిగా గడచిన పిమ్మటనే దీనిని ఆరంభింపవలెను. ఇంటిలో ఒకరు దగ్గర ఉండి ప్రతిదినము వేయించినచో ఇది బాగుగా పనిచేయును.

ఏ మార్గము పట్టినను వైద్యునితో మాటలాడుట, పనిలో పడుట, ఇంటివారి ఆదరము తోడుండవలెను. మధ్యలో ఒకసారి జారినచో అంతయు వ్యర్థమైనదని తలపరాదు. క్షయరోగి మందు తప్పినచో మరల మొదలుపెట్టింతుము గదా, ఇదియు అట్టిదే.

9. ప్రాణాపాయ సమయమున చేయవలసినది

మోతాదు మించినప్పుడు మూడు గుర్తులు కనబడును: మనిషి పిలిచినను లేవడు, ఊపిరి నెమ్మదించి గురక వలె వినబడును లేక ఆగిపోవును, కంటిపాపలు సూదిమొన వలె చిన్నవగును. పెదవులు, గోళ్లు నీలముగా మారును.

వెంటనే 108కు ఫోను చేయవలెను. ఊపిరి ఆడుచున్నచో ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. అట్లు చేసినచో వాంతి గొంతునకు అడ్డుపడదు. ఊపిరి ఆగినచో, తెలిసినవారు నోటిద్వారా ఊపిరి పోయవలెను. ముఖమున నీళ్లు చల్లుట, నిమ్మరసము, మజ్జిగ త్రాగించుట, వాంతి చేయించుట కూడదు. ఆసుపత్రిలో నలోక్సోన్ అను విరుగుడు సూదిమందు ఇత్తురు. అది కొలది నిమిషములలో ఊపిరి నిలబెట్టును. దాని శక్తి త్వరగా తగ్గిపోవును గనుక రోగి లేచి కూర్చున్నను కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచవలెను.

10. ఇంటివారి ధర్మము, రోగి హక్కు

రోగిని గదిలో పెట్టి తాళము వేయుట, గొలుసులతో కట్టుట, కొట్టుట వైద్యము కాదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మత్తు పదార్థములవలన కలుగు మానసిక స్థితులను కూడ తన పరిధిలోనికి తీసికొన్నది. రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. బలవంతముగా ఎత్తుకొనిపోయి, వైద్యుడు లేని ఇంటిలో నెలల తరబడి బంధించు “కేంద్రముల”కు రోగిని అప్పగింపరాదు. చేర్పించుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: ఇచ్చట అర్హత గల వైద్యుడు ఉన్నాడా? ప్రభుత్వ అనుమతి పత్రము ఉన్నదా? మేము రోగిని చూడవచ్చునా?

పోలీసుల భయముచేత చికిత్సకు రానివారు కలరు. మాదక ద్రవ్యముల చట్టములోని 64-ఏ విభాగము, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరము మోపబడిన వ్యసనపరుడు స్వయముగా ప్రభుత్వ ఆసుపత్రిలో గాని గుర్తింపు పొందిన సంస్థలో గాని చికిత్సకు వచ్చినచో అతనికి శిక్షనుండి రక్షణ కల్పించుచున్నది. ఆ రక్షణ నిలువవలెనన్నచో చికిత్సను పూర్తి చేయవలెను.

ఇంటివారు మాత్రలను తమ వద్ద భద్రపరచి లెక్కతో ఇవ్వవలెను. మిగిలిన మాత్రలను పెట్టెలో దాచరాదు, ఇరుగుపొరుగువారికి ఇవ్వరాదు. ఒకరికి వ్రాసిన మందు మరియొకరికి విషము కావచ్చును.

11. భయపడరాని చోట భయపడవద్దు

ఈ పాఠము చదివి కాన్సరు రోగికి మార్ఫీను మాన్పించినచో అది మహాపరాధము. ఎముకలు కొరుకు నొప్పితో బాధపడువానికి మార్ఫీను ఇచ్చుట దయతో కూడిన వైద్యము. 2014లో పార్లమెంటు మాదక ద్రవ్యముల చట్టమును సవరించి మార్ఫీను మొదలైన వానిని అత్యవసర మాదక ఔషధములుగా గుర్తించుటకు కారణము, అట్టి రోగులకు అవి సులభముగా అందవలెననియే. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకై ప్రత్యేక విభాగము కలదు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగినంత మందు తీసికొను రోగిని వ్యసనపరుడని పిలుచుట అన్యాయము. మందును విచ్చలవిడిగా అమ్ముట ఎంత తప్పో, అవసరమైనవానికి అందకుండ చేయుటయు అంతే తప్పు.

12. ముగింపు

వైద్యుడు నొప్పి మాత్ర వ్రాసినప్పుడు ప్రతి రోగియు మూడు మాటలు అడిగి తెలిసికొనవలెను: ఇది ఏ జాతి మందు? ఎన్ని దినములు వాడవలెను? ఎట్లు ఆపవలెను? ఈ మూడు ప్రశ్నలకు అర నిమిషమైనను పట్టదు. పైన చెప్పిన లారీ డ్రైవరు మొదటి దినముననే వీటిని అడిగియున్నచో అతని ఎనిమిది నెలల కథ పది దినములతో ముగిసియుండెడిది.

ఇప్పటికే చిక్కుకొన్నవారు నిరాశ చెందనక్కరలేదు. ప్రభుత్వ మానసిక వైద్యశాలలలోను, పెక్కు బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగములలోను దీనికి చికిత్స దొరకును. వ్యసన విముక్తికై 14446, మానసిక ఆరోగ్య సలహాకై 14416 అను సంఖ్యలకు దేశములో ఎక్కడనుండియైనను రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. మాత్రలు హఠాత్తుగా ఆపక, చీటీలను, మిగిలిన మాత్రలను వెంట తీసికొని వైద్యుని వద్దకు పొండు. ఆ ఒక్క అడుగు పడినచో మిగిలిన దారి చూపుటకు వైద్యులు సిద్ధముగా ఉన్నారు.